మిరుగంలో కత్తిరించిన కంచె

పోలండులో ఒక తోటల కంపెనీలో కొత్తగా చేరిన మా మేనల్లుడు ఈ మధ్య ఫోన్ చేశాడు.

"మామా, ఈడ పోయినేడు పెట్టిన కంచె ఉన్నది. మొక్కలు ఇంక పసియే. ఎప్పుడు కత్తిరించాలె? ఈడ మంచు పడ్తది. సూపర్‌వైజరును అడిగితే ఇది గూడ తెల్వదా అని నవ్వుతడేమోనని నిన్ను అడుగుతున్న."

నాకు మంచు తెలియదన్నాను. నవ్వితే నవ్వనీ, ఆ సూపర్‌వైజరునే అడగమన్నాను. వాడికి కోపం వచ్చింది. "బతుకంత కత్తెర పట్టినోనివి, గింత ముచ్చట చెప్పవా?" అని పెట్టేశాడు.

చెప్పకపోవడానికి నా కారణం నాకుంది. అది ఫోన్లో చెప్పి ముగించేది కాదు. అందుకే రాస్తున్నాను. తోటపని మీద బయటి దేశాలకు పోయే మన పిల్లలు ఎవరైనా చదివితే, నాలాంటి తప్పు చేయబోయే ముందు ఒక్క క్షణం ఆగుతారేమోనని ఆశ.

తొంభైల్లో నేను బహ్రెయిన్‌లో ఉండేవాణ్ని. మా ఊళ్లో దాన్నీ దుబాయి అనే అనేవాళ్లు. గుదైబియాలో ఒక పాత ఫ్లాటులో మావాళ్లతో కలిసి ఉండి, రోజూ వంతెన దాటి బుసైతీన్‌లో సముద్రం పక్కనున్న ఒక కొత్త ఇంటికి పనికి పోయేవాణ్ని. అది నా కఫీల్ ఇల్లు, అంటే నా వీసా ఎవరి పూచీ మీద ఉందో ఆయన ఇల్లు. చదువు కోసం కొన్నేళ్లు చలిదేశంలో ఉండి వచ్చిన మనిషి. మంచివాడే కానీ తొందర ఎక్కువ. హిందీ బాగా మాట్లాడేవాడు. ఆయన తల్లిని ఇంట్లో అందరూ ఉమ్మా అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. మోకాళ్లు పట్టేసి చేతికర్ర మీద నడిచేది.

ఆ ఇంటికి సముద్రం వైపు గోడ పొట్టిగా కట్టి, దాని మీద ఇనుప కమ్మీలు పెట్టించారు, గాలి రావాలని. గాలి బాగానే వచ్చింది. దానితో పాటు ఒడ్డున నడిచేవాళ్ల చూపులూ వచ్చాయి. ఇంట్లో పనిచేసే మేం తప్ప, ఉమ్మా పరాయి మగవాళ్ల కంట పడి ఎరగదు. ముహర్రక్‌లో ఉన్న పాత ఇంట్లో నాలుగు గోడల మధ్య వాకిలి ఉండేదట, అందులో కూర్చుని సాయంత్రాలు గడిపేదట. కొత్త ఇంట్లో ఆమెకు దక్కింది ఏసీ గది, ఒక అద్దాల కిటికీ. తోట మధ్యలో ఆమె కోసం తెచ్చిన కుర్చీ ఖాళీగానే ఉండేది. కొడుకును ఆమె అడిగింది ఒకటే: చలి రోజులు వచ్చేసరికి ఆ కమ్మీల వెంట చెట్ల గోడ లేవాలి, తను బయట కూర్చోవాలి. నన్ను ఊరి నుంచి తెప్పించిందే ఆ పనికి.

ఉమ్మా మాటను నాకు చేరవేసింది ఆ ఇంట్లో వంటా, ఆమె సేవా చూసే కోనసీమ అక్క. ఆమె అప్పటికే ఇంటి అరబ్బీ గడగడా మాట్లాడేది.

"ఇదిగో తమ్ముడూ, పెద్దావిడ ఏవంటందంటే, గాలి రావాలంట, చూపు రాకూడదంట. నీ వల్ల అవుద్దా, అవ్వదా? ఊరికే తలూపకు."

"అయితదక్కా. పచ్చటి గోడ లెక్క లేపుత."

"లేపుతాననే ప్రతివోడూ అంటాడు," అని లోపలికి పోయింది.

మొక్కలు నర్సరీ నుంచి వచ్చాయి. ఉప్పుగాలిని తట్టుకునే రకం, చిన్న ఆకు, మందంగా మెరుస్తూ ఉంటుంది. నర్సరీవాళ్లు చెప్పిన పేరు నా నోట ఎన్నడూ సరిగ్గా పలకలేదు. చలి తగ్గుతున్న రోజుల్లో నాటాను. బాగా పట్టుకున్నాయి. వేసవి మొదలయ్యేసరికి నా నడుము దాకా వచ్చి, పైకి లేతగా సాగుతున్నాయి. ఒకసారి కొసలు కత్తిరిస్తే పక్కకొమ్మలు వేసి గుబురు కడతాయి. అది నాకు బాగా తెలుసు. దుబాయికి రాకముందు మా దిక్కున ఒక మిల్లు గెస్ట్‌హౌసు తోటలో పని నేర్చినవాణ్ని. అక్కడ మేం కంచెను మిరుగంలోనే కత్తిరించేవాళ్లం. మృగశిర కార్తెను మేం మిరుగం అంటాం. తొలకరి పడగానే ఒక కోత పెడితే, వాన వెంట చిగురు విరగబడి వస్తుంది.

ఆ జూన్‌లో ఒక సెలవు రోజున మా గదిలో చేపల కూర ఉడుకుతోంది. మిరుగం సొచ్చిన నాడు చేపలు తినకుండా ఎవరుంటారు? గరిటె పట్టుకున్న మా రూమ్మేటు, "ఊళ్లె వాన దంచి కొట్టిందట. మనం ఈడ చెమటల తానం చేస్తున్నం" అన్నాడు. అందరం నవ్వాం. ఆ మాట వినగానే నా చేతులకు కత్తెర గుర్తొచ్చింది. పొలం దున్నేవాడికి వాన పేరు వింటే నాగలి గుర్తొచ్చినట్టే. బయట వాన లేదని, రాదని, నాకు తెలియక కాదు. తెలిసినా, చేతులు కార్తె పేరే విన్నాయి.

మర్నాడు పొద్దున కత్తెర తీశాను. కఫీల్ కారెక్కబోతూ చూసి ఆగాడు. నేను చేయబోయేది చెప్పాను.

"అచ్ఛా. నేను చదువుకున్న చోట కూడా కంచెలు ఎండాకాలంలోనే కత్తిరించేవారు. చూశాను నేను. కాట్ దో, కత్తిరించెయ్," అన్నాడు.

ఇంకేం కావాలి నాకు! కిటికీలోంచి ఉమ్మా ఏదో అంది. అక్క గడప మీదికి వచ్చింది.

"ఇంత ఎండలో ఎందుకని అడుగుతంది పెద్దావిడ."

"పని నాకెరుకే అని చెప్పక్కా."

ఆవిడ అడిగింది నా పనిని తప్పుపట్టడానికి కాదు. ఊరికే అడిగింది. నేను మాత్రం కత్తెర ఆపి ఆలోచించాల్సిన చోట, పౌరుషానికి పోయాను. కొసలన్నీ తీసేశాను. ఎన్నడూ ఎండ చూడని లోపలి ఆకులు ఒక్కసారిగా బయటపడ్డాయి. కోతంతా ఒక వరసగా, తాడు పట్టి గీసినట్టు వచ్చింది. దూరంగా నిలబడి చూసుకుని మురిశాను.

ఆ తర్వాత వాయవ్యం నుంచి ఎండుగాలి లేచింది. అక్కడివాళ్లు షమాల్ అంటారు. ఇసుకతో కలిసి రాత్రీ పగలూ వీచింది. కొసల్లేని మొక్కకు అడ్డం ఏముంది? ఆకులు అంచుల నుంచి మాడి, తర్వాత పూర్తిగా గోధుమరంగుకు తిరిగి, చేత్తో నలిపితే పొడి అయ్యాయి. కోత పెట్టిన ప్రతి కొమ్మా నల్లగా కిందికి ఎండుకుంటూ పోయింది.

కఫీల్ వచ్చి చూశాడు. "ఏమైంది దీనికి?"

"నీళ్లు, సాబ్," అన్నాను. "మధ్యాహ్నం పూట పైపులో నీళ్లు మసులుతాయి. అవి పోస్తే వేళ్లు ఉడికిపోయాయి."

మధ్యాహ్నాలు నేను ఆయన తమ్ముడి ఇంటి తోటకు పోయేవాణ్ని. అప్పుడు కుళాయి తిప్పేది అక్క. పేరు నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకుండానే చెప్పాను.

లోపల ఆయన గట్టిగా అరవడం వినిపించింది. తర్వాత అక్క వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. ఏడవలేదు.

"వీలైనప్పుడు తిప్పమంది నువ్వే కదయ్యా?"

నేను పైపు చుట్ట చుడుతూ తల ఎత్తలేదు. ఆ రోజు నుంచి నన్ను తమ్ముడూ అనడం మానేసింది. పిలవాల్సి వస్తే "ఏవయ్యా" అనేది. ఉమ్మా ఆమె చేతి టీ మాత్రమే తాగేది కాబట్టి ఆమె ఉద్యోగం పోలేదు, అంతే. ఉమ్మా వెంట తప్ప తోటవైపు రాకూడదని మాత్రం కట్టడి అయింది. ఆ ఇంట్లో ఆమెకు ఊపిరి పీల్చుకోవడానికి ఉన్న చోటు ఆ తోట ఒక్కటేనని తర్వాత్తర్వాత అర్థమైంది.

ఆ వేసవంతా నేను చేసిన చాకిరీ చెబితే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. అది గొప్ప కాదు, భయం. కొమ్మల మీద గోటితో గీకి చూశాను. కింద, మొదలు దగ్గర, ఇంకా పచ్చదనం ఉంది. ఇక ఈ మొక్కను చావనిచ్చేది లేదనుకున్నాను. గోనెపట్టాలు అడిగి తెచ్చి కమ్మీలకు కట్టి, తడుపుతూ ఉన్నాను. ఎండు కొమ్మల్ని కూడా తీయలేదు, అవి కాస్త నీడ ఇస్తాయని. నీళ్లు చీకటితోనే పెట్టాను. సెలవు రోజు కూడా వంతెన దాటి వచ్చేవాణ్ని. గదిలోవాళ్లు, "నీకు ఆ చెట్లతోని లగ్గం అయ్యిందిరా" అని ఎగతాళి చేసేవారు.

ఎండలు తగ్గాక మొదళ్లలోంచి చిగుళ్లు వచ్చాయి. అప్పుడు ఆ చిగుళ్ల ముందు కూర్చుని నేను ఏం చేశానో మీకు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. రెండో తప్పు చేశాను.

చల్లబడ్డ తొలి రోజుల్లో ఆ లేత కొమ్మల కొసలు గిల్లి ఉండాల్సింది. అప్పుడే కింది నుంచి గుబురు కట్టేది. కానీ ఒకసారి కత్తెర కాల్చిన చెయ్యి నాది. ముట్టుకోవాలంటే భయం. అదొక్కటే అయితే క్షమించవచ్చు. చలికాలానికల్లా ఎత్తు చూపించాలన్న ఆత్రం కూడా ఉంది. నీళ్లు పెట్టి, ఎరువు పెట్టి, పైకి తోలాను. మొక్కలు నా భుజం దాటాయి. కఫీల్ భుజం తట్టి "షాబాష్" అన్నాడు. ఆ మెప్పు నాకు తియ్యగా ఉంది. కింద ఏముందో నేను వంగి చూడలేదు.

చలి రోజులు వచ్చాయి. ఒక సాయంత్రం ఉమ్మా చేతికర్ర పట్టుకుని, అక్క భుజం మీద చెయ్యి వేసి, తోటలోకి వచ్చింది. కుర్చీలో కూర్చుంది. గాలికి ఆమె నల్లటి అబాయా కదిలింది. కళ్లు మూసుకుంది. నేను దూరంగా మొలకల మడి దగ్గర ఉండి చూస్తున్నాను. ఇసుకలో బంతి ఆడుతున్నవాళ్ల అరుపులు వినిపిస్తున్నాయి. బంతి దొర్లి వచ్చి మా గోడకు తగిలింది. దాన్ని తీసుకోవడానికి ఒక మనిషి వంగాడు. వంగినవాడి ముఖం సరిగ్గా ఉమ్మా ముఖానికి ఎదురుగా, బోసి కాండాల మధ్య కనిపించింది. పాపం, అతనే ముందు తల తిప్పుకున్నాడు.

ఉమ్మా ముసుగు కిందికి లాక్కుని లేచింది.

"ఖలాస్," అంది. అయిపోయిందని.

వాళ్లు లోపలికి పోయాక నేను గేటు దాటి ఇసుక మీదికి పోయి, కుర్చీ ఎత్తులో చతికిలబడి చూశాను. నిలబడ్డవాడికి అది గోడ. కూర్చున్నవాడికి అది కిటికీ. ఆకంతా పైన ఉంది. కింద ఎముకల్లాంటి కాడలు, వాటి సందుల్లోంచి ఖాళీ కుర్చీ. ఆమె నిలబడటానికి బయటికి రాలేదు కదా, కూర్చోవడానికి వచ్చింది. నేను పెంచిన ఎత్తంతా ఎవరికి?

చేయాల్సిన పని ఒక్కటే ఉంది. చలి వెనక్కి తిరుగుతున్నప్పుడు మొత్తం మోకాలి దాకా నరికేయాలి. ఎండలు ముదిరేలోగా దానికి మంచి రోజులు దొరుకుతాయి, కింది నుంచి కొమ్మలు వేస్తుంది. కత్తెర పెట్టిన తర్వాత మొక్కకు మంచి రోజులు రావాలి, చెడ్డ రోజులు కాదు. మొత్తం విద్య ఇంతే. మా ఊళ్లో మంచి రోజులు తొలకరితో వస్తాయి. కఫీల్ చదువుకున్న దేశంలో మొక్కను చంపేది మంచు, కాబట్టి అక్కడ వేసవి దానికి అమ్మ ఒడి. బహ్రెయిన్‌లో చంపేది జూన్. ఆయన తన చలిదేశాన్నీ నేను నా తొలకరినీ తెచ్చుకుని, ఇద్దరం కలిసి ఆ మొక్కను ఎవరూ కత్తిరించకూడని రోజున కత్తిరించాం.

అప్పటిదాకా ఆగి, చలి వెనక్కి తిరిగాక, ఒక మధ్యాహ్నం కఫీల్‌ని అడిగాను. ఆయన వరండాలో ఉన్నాడు. ఉమ్మా లోపల తలుపు పక్కన కూర్చుని ఉంది, అక్క ఆమెకు టీ ఇస్తోంది.

"మోకాలి దాకానా? పిచ్చా నీకు?" అన్నాడు. "మొదటిసారి ఆ ఆడమనిషి నీళ్లతో పాడుచేసింది. ఇప్పుడు బాగున్నదాన్ని నువ్వు పాడుచేస్తావా? కింద ప్లాస్టిక్ షీటు కడదాం, సరిపోతుంది."

"షీటు కడితే గాలి రాదు, సాబ్."

"జూన్‌లో కత్తిరించావు, దానివల్ల ఏమీ కాలేదు. నీళ్లవల్లే కదా పోయింది. అయితే ఇప్పుడే కత్తిరించాలని ఏముంది? తర్వాత చూద్దాం. ఎండాకాలంలో కత్తిరించు."

అక్కడ నాకు దారి మూసుకుపోయింది. నేను చెప్పిన అబద్ధమే అడ్డం నిలబడింది. జూన్ కోత మంచిదే అయితే ఇప్పటి తొందర ఎందుకు? తప్పు నీళ్లదే అయితే కత్తెరకు కాలం ఏమిటి? ఇప్పుడు నిజం చెబితే టికెట్టు చేతికిచ్చి ఎయిర్‌పోర్టులో దింపేయొచ్చు. చెప్పకపోతే వచ్చే జూన్‌లో మళ్లీ కంచె మాడుతుంది, ఉమ్మా మళ్లీ కిటికీ వెనకే ఉంటుంది. ఆమె వయసులో ఎన్ని చలికాలాలని పక్కన పెడతాం?

"నీళ్లు కాదు సాబ్," అన్నాను. "పైపు నీళ్లు వేడెక్కిన మాట నిజం, కానీ కంచె పోయింది వాటివల్ల కాదు. నేను కత్తెర పెట్టకూడని కాలంలో పెట్టాను. మా ఊరి లెక్కన పెట్టాను. తర్వాత భయపడి ఆమె మీదికి నెట్టాను. ఆమెకు నీళ్లు తిప్పమని చెప్పిందీ నేనే. ఇప్పుడు ఎత్తు పెంచిందీ నా ఆత్రమే."

 లోపలి నుంచి ఉమ్మా ఏదో అడిగింది, ఏమంటున్నాడని కావచ్చు. హిందీ ఆమెకు రాదు. అందరం అక్క వైపు చూశాం. నేను అన్న మాటల్ని ఆమే అరబ్బీలో చెప్పాలి.

అక్క టీ కప్పు కింద పెట్టి, చేతులు పైటకు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. నా ముఖం వైపు చూడలేదు. నాకు అర్థమైంది ఒకటీ అరా: నీళ్లు, కత్తెర, నేను కాదు. నేను చెప్పినదానికన్నా ఆమె చెప్పింది చాలా పొడుగ్గా ఉంది. చివరికి వచ్చేసరికి గొంతు పైకి లేచింది. ఉమ్మా కర్ర మీద చేతులు పెట్టుకుని మొత్తం వింది. తర్వాత కొడుకుతో రెండు మాటలే అంది.

కఫీల్ నుదురు రుద్దుకున్నాడు. "అమ్మ అడుగుతోంది, ఇప్పుడు కత్తిరిస్తే ఎప్పుడు కూర్చోవచ్చు అని."

"వచ్చే చలికి, సాబ్. అంతకుముందు కాదు."

అబద్ధం చెప్పి తేలిక చేసుకునే అలవాటు నాకుంది కాబట్టే, ఆ మాట చెప్పడానికి పళ్లు బిగపట్టాల్సి వచ్చింది. అక్క ఆ మాట అరబ్బీలో చెప్పగానే ఉమ్మా కంచె వైపు చూసింది. తర్వాత చెయ్యి కత్తెరలా ఆడించి, "యల్లా" అంది, కానిమ్మని.

కఫీల్ లేస్తూ నాతో అన్నాడు, "జూన్‌లో కాట్ దో అన్నది నేను కూడా." తలుపు దాటుతూ, "కానీ ఆమె మీదికి నెట్టింది నేను కాదు," అన్నాడు. ఆ రెండో మాట నాకు ఇప్పటికీ అరగలేదు.

ఆయన పోయాక అక్కను అడిగాను, "నేను గంతసేపు చెప్పలేదు కదక్కా?"

"నీవి నువ్వు చెప్పావు. నావి నేను కలుపుకున్నాను. నువ్వొక్కడివే మాట్టాడాలా?" అంది.

ఆ సాయంత్రమే నరికాను. భుజమెత్తు మొక్కలు మోకాళ్లకు వచ్చాయి. సముద్రం మొత్తం తోటలోకి వచ్చినట్టయింది. ఆ బోడితనం చూసి కూడా ఆగలేదు.

అక్క గడప దాటి వచ్చింది. తోటలోకి రావద్దన్న మాట అప్పటికి ఎవరూ రద్దు చేయలేదు, ఆమే రద్దు చేసుకుంది.

"ఏవయ్యా, మిగిలిన చలి రోజులు పెద్దావిడ గదిలోనే కూర్చోవాలా? ఆ ఖర్జూరం మట్టలు నరికి మూల పడేశావు కదా. దడి కట్టొచ్చుగా."

"నాకు రాదక్కా. మా దిక్కున తడుకలు వెదురుతోని అల్లుతరు."

"రాదని చెప్పడం కూడా వచ్చేసిందే! ఆ మట్టలిలా లాగు."

ఇద్దరం కూర్చుని అల్లాం. ఆమె అల్లుతుంటే నేను ముళ్లు తీసి అందించాను. కఫీల్ చూసి, కొత్త ఇంటికి గుడిసె గోడ ఏమిటి, చూసినవాళ్లు నవ్వరా అన్నాడు. ఉమ్మా కిటికీలోంచి ఏదో గద్దించింది. తను పుట్టింది అలాంటి మట్టల గోడల మధ్యేనని అన్నదట. ఇక ఆయన నోరెత్తలేదు. ఆ దడి వెనక, చలి పూర్తిగా పోయేలోగా, ఉమ్మా కొన్నాళ్లు కూర్చుంది. గాలి సగమే వచ్చేది. నేను పోగొట్టిన చలికాలానికి అది సరిపోదు.

దడిని వేసవిలో కూడా తీయలేదు. షమాల్ వచ్చినప్పుడు అదే మొక్కలకు అడ్డం నిలబడింది. జూన్ వచ్చింది, గదిలో చేపలు ఉడికాయి, ఊళ్లో వాన పడిందన్న కబురూ వచ్చింది. కత్తెర తీయలేదు. ఎండలు తగ్గాక, చిగురు జానెడు సాగినప్పుడల్లా కొస గిల్లాను. పైకి పోనివ్వకుండా, కింద నిండేదాకా పట్టుబట్టాను. కఫీల్ ఎత్తు చాలడం లేదన్నా వినలేదు. కింది భాగం పై భాగం కన్నా కాస్త వెడల్పు ఉండేలా కోశాను, ఎండ మొదళ్లకూ తగలాలని.

చలి రోజులు మళ్లీ వచ్చాయి. దడి విప్పేశాం. ఉమ్మా బయటికి వచ్చే ముందు నేను గేటు దాటి ఇసుక మీదికి పోయాను. బంతి ఆడేవాళ్లు నన్ను వింతగా చూశారు. నిలబడి చూశాను. కూర్చుని చూశాను. బంతి కోసం వంగిన మనిషిలా వంగి చూశాను. పచ్చటి ఆకు తప్ప మరేమీ లేదు.

లోపలి నుంచి కుర్చీ జరిపిన చప్పుడు వచ్చింది. కర్ర నేలకు తగిలింది. తర్వాత అక్క గొంతు.

"ఏవయ్యా, ఉన్నావా అవతల? పెద్దావిడ అడుగుతంది. కనపడతన్నామా?"

ఉమ్మా ఏదో అంటోంది, నవ్వుతోంది. ఆకుల మీదుగా గాలి లోపలికి పోతోంది. నేను ఇంకోసారి వంగి, జాగ్రత్తగా, ఒక చివరి నుంచి మరో చివరి దాకా చూశాను.

"లేదక్కా," అన్నాను. "ఒక్కరు గూడ కనపడ్తలేరు."